స్టాండ్‌బై పరికరాలు నిజంగా పనిచేస్తున్నాయా? చిన్న విమానం ఉన్నవారు వరుసగా చూసుకోవలసినవి

అసలు పరికరం చెడితే ఆదుకునే అదనపు పరికరాన్ని స్టాండ్‌బై అంటారు. సొంతంగా సింగిల్ ఇంజిన్ విమానం ఉన్నవారు నన్ను ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది: "స్టాండ్‌బై ఉంది కదండీ, దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు, మరి అందులో చూడవలసినదేముంటుంది?" ఒక్కసారి కూడా వాడకపోవడంతోనే చిక్కంతా వస్తుంది. అసలు పరికరం చెడితే మీ కళ్లు ఎప్పుడూ దాని మీదే ఉంటాయి కనుక ఆ రోజే తెలుస్తుంది. స్టాండ్‌బై చెడిన సంగతి మాత్రం అసలుది చెడిన రోజున గాని బయటపడదు. అందువల్ల కింద రాసిన మెట్లన్నింటిలోనూ పద్ధతి ఒకటే: స్టాండ్‌బైని చూసి వదిలేయకుండా, దాని మీద భారం పెట్టి, వచ్చిన అంకెను కాగితం మీద రాయడం.

నేను ఇంజనీరుగా పనిచేసింది వేరే ఊళ్లలోనైనా పుట్టింది కోనసీమలో, కాబట్టి మధురపూడిలో (రాజమండ్రి విమానాశ్రయంలో) నాలుగు రోజులు విమానాన్ని ఆరుబయట నిలిపి సంక్రాంతికి ఇంటికి వెళ్లేవారిని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఇక్కడ సముద్రపు గాలిలో ఉప్పు, ఏడాదిలో ఎక్కువ నెలలు తేమ, కోతలయ్యాక గడ్డి తగలబెట్టిన పొగ ఉంటాయి. మట్టి గూళ్లు కట్టే కందిరీగలకైతే కొదవే లేదు. పైగా డెల్టాలో మేఘం లేకుండానే క్షితిజరేఖ మాయమవుతుంది. జనవరి ఉదయం అమలాపురం దాటి అంతర్వేది వైపు వెళితే, కింద చేపల చెరువుల తళతళ, పైన అదే రంగు పొగమంచు కలిసిపోయి, రెక్క సమంగా ఉందో లేదో కిటికీలోంచి చూసి చెప్పలేరు. "నేను విజువల్ పైలట్‌ని (బయటికి చూస్తూ ఎగిరేవాణ్ని), నాకు హొరైజన్‌తో (విమానం ఒరుగు చూపే పరికరంతో) పనేమిటి" అనేవారు ఆ ఒక్క ఉదయం చూస్తే చాలు.

కావలసినవి

మీ విమానం పైలట్ చేతిపుస్తకం, దానితోపాటు సప్లిమెంట్లు కూడా దగ్గర పెట్టుకోండి. స్టాండ్‌బై వ్యవస్థను చాలా విమానాల్లో తరువాత అమరుస్తారు కనుక దాని పరిమితులు అసలు పుస్తకంలో కాక చివర చేర్చిన సప్లిమెంటులో ఉంటాయి. విమానం, ఇంజిన్ లాగ్‌బుక్‌లు, మంచి టార్చి, చిన్న అద్దం, స్టాప్‌వాచ్, మల్టీమీటర్, మెత్తని నూలు గుడ్డ, పిటాట్ గొట్టానికి (వేగం కొలవడానికి ఎదురుగాలి పట్టే గొట్టం) ఎర్ర రిబ్బను ఉన్న కవరు, స్టాటిక్ రంధ్రాలకు (బయటి గాలి ఒత్తిడి అందుకునే రంధ్రాలు) ప్లగ్గులు కావాలి. గేజిని ఫొటో తీయడానికి ఫోన్ సరిపోతుంది. ఎయిర్ కంప్రెసర్‌ను దగ్గరికి రానివ్వకండి.

ఒక హద్దు ముందే చెప్పాలి. చూడడం, వినడం, అంకెలు రాయడం మీ పని. గొట్టం విప్పడం, లీక్ టెస్టు, పంపు మార్చడం, బ్యాటరీ సామర్థ్య పరీక్ష, సర్వీసుకు విడుదల చేస్తూ సంతకం పెట్టడం డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) లైసెన్సు ఉన్న ఇంజనీరు పని. పిస్టన్ విమానాలకు బీ1.2, ఏవియానిక్స్‌కు (విమానంలోని ఎలక్ట్రానిక్ పరికరాలకు) బీ2 లైసెన్సు ఉన్నవారిని అడగండి. తెలిసిన మెకానిక్ ఉన్నాడు కదా అని క్లిప్పు మీరే వదులు చేస్తే, ఆ గొట్టానికి అక్కడి నుంచి బాధ్యులెవరూ ఉండరు.

1. ఏ పరికరం దేని మీద బతుకుతోందో గీసుకోండి.

ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: వ్యాక్యూమ్ (పంపు గాలిని పీల్చి జైరోలనే చిన్న చక్రాలను తిప్పడం), కరెంటు, పిటాట్–స్టాటిక్ గాలి, ఏదీ అక్కర్లేనిది. పాత విమానాల్లో హొరైజన్, డైరెక్షనల్ జైరో (దిశ చూపేది) వ్యాక్యూమ్ మీద, టర్న్ కోఆర్డినేటర్ (మలుపు చూపేది) కరెంటు మీద నడవడం పరిపాటి. నాలుగో గడిలోకి ముఖ్యంగా వచ్చేది కంపాస్. తరువాత ప్రతి స్టాండ్‌బై పరికరం ఏ బ్రేకరు కింద, ఏ బస్సు (కరెంటు పంచే పట్టీ) కింద ఉందో ఇంజనీరుతో కలిసి వైరింగ్ పటంలో చూడండి.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఏమిటంటే, రెండు హొరైజన్లు ఉన్నాయన్న ధీమాతో ఆగిపోవడం. రెండూ ఒకే బస్సు మీద ఉండి, రెండోదానికి సొంత బ్యాటరీ లేకపోతే, ఆల్టర్నేటర్ పోయిన గంటలో రెండూ కలిసే పోతాయి.

2. తేదీలు, గంటలు తీయండి.

లాగ్‌బుక్ నుంచి ఇవి రాసుకోండి: వ్యాక్యూమ్ పంపు బిగించిన తేదీ, అప్పటి నుంచి తిరిగిన గంటలు, ఫిల్టర్లు మార్చిన తేదీ, స్టాండ్‌బై బ్యాటరీ తేదీ, ఆల్టిమీటర్ (ఎత్తు చూపేది), స్టాటిక్ పరీక్ష తేదీ, కంపాస్ స్వింగ్ (దిశల వారీగా కంపాస్ తేడా కొలవడం) తేదీ, ఆ పరికరాలకు వర్తించే ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్‌లు (తప్పక పాటించవలసిన భద్రతా ఆదేశాలు). అమెరికా నిబంధనల్లో ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లైట్‌కు (పరికరాలనే నమ్మి ఎగరడానికి) స్టాటిక్ పరీక్ష గడువు 24 నెలలు. మీ విమానానికి వర్తించే గడువు మాత్రం ఆమోదం పొందిన మీ మెయింటెనెన్స్ ప్రోగ్రాంలో ఉంటుంది, దాన్నే పాటించండి. డైరెక్టివ్‌లను విమానం పేరుతో మాత్రమే వెతికి, తరువాత అమర్చిన స్టాండ్‌బై యూనిట్ తయారీదారు పేరుతో వెతకడం మరచిపోయేవారు ఎక్కువ. రెండు పేర్లతోనూ వెతకండి.

3. పిటాట్ గొట్టం, స్టాటిక్ రంధ్రాలు: డెల్టాలో అన్నిటికంటె ఎక్కువ సమయం పెట్టవలసిన చోటు.

స్టాండ్‌బై ఎయిర్‌స్పీడ్, స్టాండ్‌బై ఆల్టిమీటర్ ఉన్నా, చిన్న విమానాల్లో చాలావాటికి అవి అసలు పరికరాలు పీల్చే గొట్టం నుంచే గాలి తీసుకుంటాయి. గొట్టం మూసుకుపోతే రెండూ కలిసి ఒకే అబద్ధం చెబుతాయి.

కందిరీగకు విమానం ఆగిన మధ్యాహ్నం ఒక్కటి చాలు. ఒకసారి ఒక యజమాని "పొద్దున్నే దిగాను, భోజనం చేసి వచ్చాను, ఈ కాసేపటికి కవరెందుకు" అన్నారు. టార్చి వేసి చూస్తే గొట్టం మూతిలో గోధుమరంగు మట్టి ఉండ ఇంకా తడిగానే ఉంది, గోరుతో తాకితే అంటుకుంది. దాని వెనక పచ్చని సాలీడు కాలొకటి కదులుతోంది; పిల్లకు మేతగా తల్లి కందిరీగ దాన్ని సగం చంపి పెట్టిపోయింది. ఆ రోజు ఆ విమానం ఎగరలేదు. గొట్టం విప్పి శుభ్రం చేసి లీక్ టెస్టు చేసేసరికి మర్నాడు సాయంత్రమైంది.

1996ను కోనసీమవాళ్లం నవంబరు తుపానుతో గుర్తు పెట్టుకుంటాం. విమానాల పని చేసేవారికి ఆ ఏడాది మరో రెండు కారణాలతో గుర్తుంటుంది. ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యూర్టో ప్లాటా నుంచి బయల్దేరిన బర్జెనేర్ బోయింగ్ 757 సముద్రంలో కూలి 189 మంది చనిపోయారు. అంతకుముందు పిటాట్ కవర్లు లేకుండా రోజుల తరబడి నిలిపి ఉంచిన ఆ విమానంలో ఒక పిటాట్ గొట్టాన్ని కందిరీగ గూడు మూసివేసి ఉంటుందని దర్యాప్తు అనుమానించింది. అక్టోబరు 2న లిమా నుంచి లేచిన ఏరోపెరూ 757లో, కడిగేటప్పుడు స్టాటిక్ రంధ్రాలకు అంటించిన టేపు తీయడం మరచిపోయారు; 70 మంది పోయారు. అంత పెద్ద విమానాల్లోనే అలా జరిగింది.

చేయవలసినవి:

- ఇంజిన్ ఆగి, గొట్టం చల్లారిన వెంటనే కవరు తొడగండి. భోజనానికి వెళ్లినా సరే. వేడి తగ్గకముందే తొడిగితే కవరు కరిగి గొట్టానికి అంటుకుంటుంది.
- ప్రీఫ్లైట్‌లో (ఎగరకముందు చేసే తనిఖీలో) కవరు తీశాక గొట్టం మూతిలోకి టార్చి వేసి చూడండి. కింద ఉండే సన్నని డ్రెయిన్ రంధ్రాన్ని అద్దంతో చూడండి. మూతి ఒక్కటే మూసుకుంటే ఎయిర్‌స్పీడ్ సున్నా వైపు పడిపోతుంది కనుక పసిగట్టగలరు. డ్రెయిన్ కూడా మూసుకుంటే ఎయిర్‌స్పీడ్ ఆల్టిమీటర్‌లా ప్రవర్తించి, పైకెక్కే కొద్దీ పెరుగుతూ మిమ్మల్ని ముక్కు పైకెత్తమంటుంది.
- స్టాటిక్ రంధ్రాలను రెండు వైపులా చూడండి. మైనపు పాలిష్, రంగు, ఉప్పు పొర అంచున పేరుకుంటాయి. పొడి గుడ్డతో తుడవండి. పిన్నుతో, టూత్‌పిక్‌తో పొడవకండి.
- స్టాటిక్ లైన్లో డ్రెయిన్ ఉంటే వానాకాలంలో ప్రతి ప్రీఫ్లైట్‌లో దాన్ని తెరవండి. నీళ్లు వస్తే ఎన్ని చుక్కలో రాసి ఇంజనీరుకు చెప్పండి.
- నోటితో గాని కంప్రెసర్‌తో గాని ఊదకండి. ఆ ఒత్తిడికి ఎయిర్‌స్పీడ్, వర్టికల్ స్పీడ్ (ఎక్కే, దిగే వేగం) పరికరాల్లోని పల్చటి క్యాప్సూల్ పాడవుతుంది. మట్టి ఉన్న గొట్టంలోకి ఊదితే మట్టి ఇంకా లోపలికి పోతుంది.
- పిటాట్ హీటర్‌ను ఆన్ చేసి అమ్మీటరు ముల్లు కదిలిందో లేదో చూసి, కొద్ది సెకన్లలో ఆపండి. చేత్తో పట్టుకుని చూసేవారి వేళ్ల మీద బొబ్బలు నేను చూశాను.

ఇంజనీరు చేసే స్టాటిక్ లీక్ టెస్టు ఫలితం మీకు అర్థం కావాలి: ప్రెషరైజ్ చేయని (లోపల గాలి ఒత్తిడి పెంచని) విమానంలో ఆల్టిమీటర్ 1,000 అడుగులు ఎక్కువ చూపేదాకా గాలి లాగి, ఆపి, ఒక నిమిషం ఆగితే 100 అడుగులకు మించి పడకూడదు. "టెస్టు పాసైంది" అన్న మాటతో సరిపెట్టుకోకుండా ఎన్ని అడుగులు పడిందో అడిగి రాసుకోండి. పోయినసారి 20, ఈసారి 80 అయితే రెండూ పాసే, కాని ఎక్కడో రబ్బరు గొట్టం ఎండుతోంది.

4. ఆల్టర్నేట్ స్టాటిక్.

స్టాటిక్ రంధ్రాలు మూసుకుంటే వాటికి బదులు కాక్‌పిట్ గాలిని అందించే దారి ఇది. నేల మీద నాబ్ లాగి చూడండి. చివరిదాకా కదలాలి, తిరిగి గట్టిగా మూసుకోవాలి. డెల్టా తేమకు ఇది పట్టేసి ఉండడం కొత్త కాదు. అసలు పరీక్ష గాలిలో చేయాలి. నిర్మలమైన వాతావరణంలో, సమంగా ఎగురుతూ, వేగం నిలకడగా ఉన్నప్పుడు నాబ్ లాగి, ఆల్టిమీటర్, ఎయిర్‌స్పీడ్ ఎంత మారాయో రాయండి. కిటికీలు, గాలి వెంట్లు, హీటరు ఏ స్థితిలో ఉన్నాయో కూడా రాయాలి, ఎందుకంటే వాటిని బట్టి అంకె మారుతుంది. చేతిపుస్తకంలో సవరణ పట్టిక ఉంటే దానితో పోల్చండి.

కాక్‌పిట్‌లో ఒత్తిడి సాధారణంగా బయటికంటె కొంచెం తక్కువ కనుక ఆల్టిమీటర్, ఎయిర్‌స్పీడ్ రెండూ కొద్దిగా పెరగాలి; వర్టికల్ స్పీడ్ ఒక్క క్షణం పైకెక్కుతున్నట్టు చూపి సర్దుకోవాలి. ఏ మార్పూ లేకపోతే "భలే ఖచ్చితంగా ఉంది" అని సంబరపడేవారిని చూశాను. ఏ మార్పూ లేదంటే నాబ్ లోపల వాల్వు తెరుచుకోవడం లేదేమో, లేక అసలు స్టాటిక్ లైనే ప్యానెల్ వెనక ఊడి, ఇన్నాళ్లూ మీరు కాక్‌పిట్ గాలినే చదువుతున్నారేమో అని అనుమానించాలి. అది తేలాకనే మళ్లీ ఎగరండి.

5. వ్యాక్యూమ్: అసలు పంపు, స్టాండ్‌బై.

ముందు అసలుది. క్రూయిజ్ (మామూలుగా సాగే వేగం) ఆర్‌పీఎంలో సక్షన్ (గాలి పీల్చే బలం) గేజి ఫొటో తీయండి. చాలా విమానాల్లో 4.5 నుంచి 5.5 అంగుళాల పాదరసం మధ్య ఉండాలి. మీ చేతిపుస్తకం అంకెదే చివరి మాట. నెలకొకటి చొప్పున ఆరు ఫొటోలు పక్కపక్కన పెడితే, ఒక్క ఫొటోలో కనిపించని జారుడు కనిపిస్తుంది. రెగ్యులేటర్ (సక్షన్‌ను అదుపులో ఉంచేది) మీది ఫిల్టరు గడ్డి పొగకు మూసుకుంటే సక్షన్ పెరుగుతుంది, తగ్గదు. అది తెలియక స్క్రూ తిప్పి అంకెను సరిచేసి, ఫిల్టరును అలాగే వదిలేసిన విమానాలు నా దగ్గరికి వచ్చాయి. సెస్నా పాత విమానాల పుస్తకాలు రెగ్యులేటర్ ఫిల్టరును 100 గంటలకు, సెంట్రల్ ఫిల్టరును 500 గంటలకు మార్చమంటాయి. ఆరుబయట నిలిపే విమానానికి ఇంకా ముందే మార్చడం మంచిదని నా అభిప్రాయం. ఒక ఫిల్టరు ఖరీదు ఒక జైరో ఖరీదులో లెక్కలోకే రాదు.

డ్రై పంపులో (నూనె వాడని వ్యాక్యూమ్ పంపులో) కార్బన్ రేకులుంటాయి. నూనె తగిలినా, ఇంజిన్ కడిగే సాల్వెంట్ లోపలికి పోయినా అవి విరుగుతాయి. ఇంజిన్ వాష్ చేయిస్తుంటే పంపుకు గుడ్డ చుట్టారా అని అడగండి. ప్రొపెల్లర్‌ను వెనక్కి తిప్పకండి. పంపు విరిగి మారిస్తే, గొట్టాల్లోని కార్బన్ పొడిని తీయించి, ఫిల్టర్లు మార్పించండి. పంపు ఒక్కటే మార్చి పంపితే పాత పొడి కొత్త పంపును కొద్ది గంటల్లోనే తినేస్తుంది.

ఇక స్టాండ్‌బై. రెండు రకాలు ఎక్కువ కనిపిస్తాయి.

కరెంటు పంపు రకమైతే: అసలు పంపు నుంచి వేరుచేసి చూసే పద్ధతి సప్లిమెంటులో ఉంటుంది. స్విచ్చి వేశాక చప్పుడు వింటే సరిపోదు. గేజి ఎంత ఎక్కింది, అమ్మీటరు ఎంత లాగింది, రెండూ రాయండి. ఎంతసేపు నడపవచ్చో పరిమితి ఉంటే దాటకండి.

ఇంజిన్ మానిఫోల్డ్ (సిలిండర్లలోకి గాలి వెళ్లే గొట్టం) నుంచి సక్షన్ తీసుకునే రకమైతే: ఇది బయటి గాలికి, మానిఫోల్డ్‌కు మధ్య ఒత్తిడి తేడా మీద బతుకుతుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే ఆ తేడా పోతుంది, ఎత్తుకు వెళ్లేకొద్దీ మరింత పోతుంది. కాబట్టి పరీక్షను నేల మీద ఐడిల్‌లో (ఇంజిన్ అతి నెమ్మదిగా తిరిగేటప్పుడు) చేసి "5 వచ్చింది" అని రాసుకుంటే ఏమీ తెలియదు. ఐడిల్‌లో ఎవరికైనా వస్తుంది. మీరు మామూలుగా ఎగిరే ఎత్తులో, సమంగా ఎగురుతూ నాబ్ లాగి, థ్రాటిల్‌ను మెల్లగా తగ్గిస్తూ, జైరోలకు చాలినంత సక్షన్ ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తోందో చూడండి. ఎత్తు, ఆర్‌పీఎం, సక్షన్, అప్పుడు నిలబడిన వేగం అనే నాలుగు అంకెలూ ప్లకార్డు (కాక్‌పిట్‌లో అతికించిన సూచన పలక) పట్టికతో సరిపోవాలి. హెచ్చరిక: తక్కువ ఎత్తులో, అప్రోచ్‌లో దీన్ని పరీక్షించకండి, నాబ్ తిరిగి లోపలికి వెళ్లిందని రెండుసార్లు చూడండి.

ఇంజిన్ ఆపాక వెంటనే దిగిపోకుండా, హెడ్‌సెట్ తీసి జైరోలు ఆగే చప్పుడు వినండి. మంచి జైరో చాలా నిమిషాలు సన్నగా పాడుతూ ఆగుతుంది. గరగరమంటూ త్వరగా ఆగితే బేరింగు అయిపోతోంది. స్టార్ట్ చేసిన 5 నిమిషాల్లో హొరైజన్ నిటారుగా నిలబడాలి. ట్యాక్సీ మలుపుల్లో 5 డిగ్రీలకు మించి ఒరగకూడదు.

6. స్టాండ్‌బై బ్యాటరీ.

గ్లాస్ కాక్‌పిట్ (ముళ్ల గేజిలకు బదులు తెరలున్న) విమానాల్లో అన్నీ దీని మీదే ఆధారపడతాయి. జీ1000 (గార్మిన్ తెరల వ్యవస్థ) ఉన్న సెస్నా 172ఎస్‌లో స్విచ్చిని టెస్ట్‌లో 20 సెకన్లు పట్టి ఉంచితే పచ్చ దీపం ఆరకూడదు. ఇది అవసరమైన పరీక్షే. కాని ఆ బ్యాటరీ నుంచి మీకు కావలసింది సుమారు 30 నిమిషాలు. 20 సెకన్లు నిలిచినదల్లా 30 నిమిషాలు నిలవదు. సామర్థ్య పరీక్షను ఇంజనీరుతో చేయించి, శాతం రాయించుకోండి. లెడ్ యాసిడ్ బ్యాటరీలకు తయారీదారులు సాధారణంగా 80 శాతాన్ని కింది హద్దుగా పెడతారు. పరికరంలోనే బ్యాటరీ ఉండే గార్మిన్ జీ5 లాంటివాటికి కొత్తలో 4 గంటల వరకు అంటారు. నేల మీద మాస్టర్ (ప్రధాన కరెంటు స్విచ్చి) ఆపి, స్టాప్‌వాచ్ పెట్టి, మిగిలిన శాతం ఎంత వేగంగా తగ్గుతోందో ఏడాదికోసారి చూడండి.

మే నెల ఎండలో మూసిన కాక్‌పిట్‌లో బ్యాటరీ ఎంత ఉడుకుతుందో చెప్పనక్కరలేదు. నీడ లేకపోతే కనీసం అద్దానికి తెర కట్టండి. దిగేటప్పుడు స్టాండ్‌బై స్విచ్చిని ఆర్మ్‌లో (సిద్ధంగా ఉంచే స్థానంలో) వదిలేయడం అందరూ చేసే తప్పు. పండుగ అయి తిరిగి వచ్చేసరికి అది పూర్తిగా దిగిపోయి ఉంటుంది.

7. కంపాస్.

ద్రవం నిండుగా ఉందా, బుడగ ఉందా, కార్డు చదవగలిగేలా ఉందా చూడండి. రన్‌వే మధ్యగీత మీద నిలబడి, దాని మాగ్నెటిక్ హెడింగ్‌తో పోల్చండి. రేడియోలు, దీపాలు, పిటాట్ హీటరు వేసి, ఆపి, కార్డు కదిలిందా చూడండి. సవరణ కార్డులో ఏ దిశలోనూ తేడా 10 డిగ్రీలకు మించకూడదు.

ఒక విమానంలో 15 డిగ్రీల తేడా ఎక్కడి నుంచి వస్తోందో తెలియక రెండు రోజులు వైర్లు వెతికాం. చివరికి ప్యానెల్ పైన పెట్టిన చిన్న వేంకటేశ్వరస్వామి విగ్రహం కింద అయస్కాంతం ఉంది. స్వామిని రెండు వైపులా అంటుకునే టేపు మీద తిరిగి ప్రతిష్ఠించాక కంపాస్ సరిపోయింది. ఫోన్ హోల్డర్లు కూడా అయస్కాంతాలవే వస్తున్నాయి, చూసుకోండి.

8. అన్నీ కలిపి ఒక ఫ్లైట్.

ఆరు నెలలకోసారి, ఇన్‌స్ట్రక్టరును పక్కన కూర్చోబెట్టుకుని, కళ్లకు స్పష్టంగా కనిపించే రోజున, తగినంత ఎత్తులో, అసలు హొరైజన్‌కు కాగితం అతికించి 20 నిమిషాలు స్టాండ్‌బై మీదే ఎగరండి. స్టాండ్‌బై చిన్నదై, ప్యానెల్‌కు ఓ మూలన ఉంటే మెడ తిప్పినప్పుడు తల తిరగడం మీకే తెలుస్తుంది. ఇన్‌స్ట్రక్టరు దొరకకపోతే ఈ మెట్టు వాయిదా వేయండి, ఒంటరిగా చేయకండి.

9. రాయడం.

ప్రతి పరీక్షకు ఒక వరుస చాలు, కాని అందులో అంకె ఉండాలి. "స్టాండ్‌బై ఓకే" అని రాసిన వరుసను ఏ ఇంజనీరూ వాడుకోలేడు. ఇలా రాయండి: "స్టాండ్‌బై వ్యాక్యూమ్. 4,500 అడుగులు, సమంగా. నాబ్ లాగి 1,900 ఆర్‌పీఎం దగ్గర 4.3. ప్లకార్డు ప్రకారం సరి. నాబ్ లోపల, రెండుసార్లు చూశాను. పోయినసారి ఇదే ఎత్తులో 4.6." చివరి వాక్యం వదలకండి. లోపం కనిపిస్తే దాన్ని డిఫెక్టుగా నమోదు చేసి, ఇంజనీరు సంతకం వచ్చేదాకా కవరు తొడిగి ఉంచండి.